నేను నేరుగా ఇంటికి వెళ్లలేదు

జైల్లోంచి బయటికొచ్చిన రోజు నేను ఇంటికి వెళ్లలేదు. ఈ మాట చెప్తే ఇప్పటికీ చాలామంది అదోలా చూస్తారు, నాలుగేళ్లు పెళ్లాం పిల్లలకి దూరంగా ఉండి గేటు దాటగానే ఇంకెక్కడికి వెళ్తావురా అని. నేనూ అలాగే అనుకునేవాడిని, లోపలున్నన్నాళ్లూ తలుపు తీయగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంటారు అనే ఒక్క సీనే బుర్రలో తిప్పుకుంటూ పడుకునేవాడిని. రిలీజ్‌కి రెండు నెలల ముందు ములాఖత్‌కి వచ్చినప్పుడు మా ఆవిడ మెల్లగా చెప్పింది, ఉంటున్నది వాళ్లక్క ఇంట్లో ఒక్క గది, అందులోనే తనూ ఇద్దరు పిల్లలూ, "మీరొస్తే ఎక్కడ పడుకుంటారో నాకు అర్థం కావట్లేదు" అని. గది చాలదని చెప్తోంది అనుకున్నా అప్పుడు. గది ఒక్కటే కాదని తెలియడానికి నాకు చాలా టైమ్ పట్టింది.

(తప్పు చేశాకే లోపలికెళ్లా. అన్యాయంగా ఇరికించారు లాంటి కథలేం లేవు. అందుకే దాని గురించి ఇక్కడ రాయను.)

జైలు నుంచి వచ్చినవాళ్ల కోసమే నడిపే హౌసింగ్ ప్రోగ్రామ్ ఒకటుంది అని లోపల ఒకాయన చెప్తే అప్లై చేశా. ఒక ఇంట్లో ఎనిమిది మందిమి, గదికి ఇద్దరు. రాత్రి తొమ్మిదిలోపు లోపలుండాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, తాగకూడదు, ఎప్పుడైనా టెస్ట్ చేస్తారు, పని దొరికాక జీతంలో కొంత సేవింగ్స్ కింద పక్కన పెట్టించేస్తారు. మొదటి వారం అయితే ఇదేంట్రా మళ్లీ ఇంకో జైల్లో పడ్డానా అనిపించింది. అసలు ఇలాంటి కండిషన్లేం లేకుండా ముందు ఇల్లు ఇచ్చేయాలి, మిగతావన్నీ తర్వాత అనే పద్ధతి కూడా ఉంది, 1992లో న్యూయార్క్‌లో రోడ్డు మీద బతికేవాళ్ల కోసం మొదలుపెట్టారు, హౌసింగ్ ఫస్ట్ అంటారు. వినడానికి అదే న్యాయం అనిపిస్తుంది. కానీ నా మటుకు నాకు ఆ తొమ్మిది గంటల రూలు లేకపోతే మొదటి నెలలోనే పాత స్నేహాలు వెతుక్కుంటూ వెళ్లేవాడినేమో, ఇది నా ఒక్కడి సంగతి, అందరికీ అంటించకండి.

ఎక్కువ ఏడిపించింది కాగితాలు. లోపలున్నప్పుడే నా ఐడీ గడువు అయిపోయింది. కొత్తది కావాలంటే అడ్రస్ ప్రూఫ్ కావాలి, అడ్రస్ కావాలంటే ఇల్లుండాలి, ఇల్లు అద్దెకి ఇవ్వాలంటే ఉద్యోగం ఏంటి అంటారు, ఉద్యోగానికి వెళ్తే ఐడీ చూపించు అంటారు, ఇలా గానుగెద్దులా తిరగడమే. ప్రోగ్రామ్‌వాళ్లు లెటర్‌హెడ్ మీద ఇతను ఫలానా అడ్రస్‌లో ఉంటున్నాడు అని రాసిచ్చిన ఒక్క కాగితంతో ఆ ముడి ఊడింది. ప్రోగ్రామ్ తరఫున మా సంగతులు చూసుకునే కేస్ వర్కర్ మేడమ్ ఒకసారి చెప్పింది, ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న రూల్స్ ఉన్నాయి, ఇరవయ్యేడేళ్లు జైల్లో ఉన్న మండేలా పేరే పెట్టారు వాటికి, అందులో 108వది విడుదలైనవాడికి గుర్తింపు కాగితాలు, ఉండటానికి ఇల్లు, చెయ్యడానికి పని, ఒంటి మీదకి బట్టలు ఉండేలా చూడాలంటుంది అని. కాగితాల మాటే ముందు రాశారట. రాసినవాళ్లెవరో గానీ నాలాగే కాగితాల కోసం తిరిగి తిరిగి రాసినట్టున్నారు అని నవ్వుకున్నా.

ఆదివారాలు రెండు గంటలు కామన్ హాల్లో పిల్లల్ని కలవచ్చు. చిన్నదానికి నేను లోపలికెళ్లేటప్పటికి రెండేళ్లు, బయటికొచ్చేసరికి ఆరు. మొదటి ఆదివారం వాళ్లమ్మ కొంగు వెనకాల నిలబడి "మీరు ఇక్కడే ఉంటారా?" అని అడిగింది. మీరు! ఇంటికొచ్చిన పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడాలని నేర్పించారు కదా, నాతోనూ అంతే మర్యాద. మా ఆవిడ కూడా నన్ను మీరు అనే అంటుంది కానీ ఆ మీరులో తిట్టు కూడా ఉంటుంది, దీని మీరులో ఏమీ లేదు.

పెద్దోడు మాత్రం అన్నీ గమనిస్తాడు. ఒకరోజు హాల్లోంచి వరండాలోకి వెళ్తూ తలుపు దగ్గర ఆగిపోయా, ఎవరో తీస్తారని, అలవాటు. వాడొచ్చి పక్కన నిలబడి చిన్నగా "తోస్తే తెరుచుకుంటుంది నాన్నా" అన్నాడు. స్కూల్లో మా నాన్న వేరే దేశంలో పని చేస్తున్నాడని చెప్పుకుంటున్నాడంట. మేడమ్ సలహా మీద ఇద్దరినీ కూర్చోబెట్టి ఎక్కడున్నానో ఎందుకున్నానో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాం. వాడు నేల చూపులు చూస్తూ "నాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు.

మూడో నెలలో అనుకుంటా, మార్కులు తక్కువొచ్చాయని వాడి మీద గట్టిగా అరిచా. ఆవిడ అక్కడేం అనలేదు, రాత్రి ఫోన్ చేసి "నాలుగేళ్లు జ్వరాలూ ఫీజులూ వాడి కోపాలూ అన్నీ ఒక్కదాన్నే పడ్డా, మీరు వారానికి రెండు గంటలొచ్చి తీర్పు చెప్పి వెళ్లిపోతే ఎలా" అంది. సమాధానం లేదు నా దగ్గర, మళ్లీ ఆదివారం దాకా ఆలోచించుకోవాల్సి వచ్చింది. అదే ఆ ఒక్క గదిలో పిల్లల ముందు అయ్యుంటే? నేనూ అరిచేవాడిని, ఆవిడా అరిచేది, వాళ్లక్క వచ్చేది, నేను చెప్పులేసుకుని బయటికి పోయేవాడిని, ఎక్కడికి పోయేవాడినో మీరే ఊహించుకోండి. దూరంగా ఉండటానికి ఒక చోటుండటం కూడా సాయమే అని నేను అప్పుడే ఒప్పుకున్నా.

ఎనిమిది నెలలయ్యాక ఫ్యామిలీ ఫ్లాట్ ఇచ్చారు, రెండు గదులు. అగ్రిమెంట్ మా ఆవిడ పేరు మీద రాశారు. నాకు చివుక్కుమంది, నన్ను నమ్మట్లేదా అని అడిగేశా. "నువ్వు మళ్లీ జారిపడినా పిల్లలు రోడ్డున పడకూడదు" అంది మేడమ్ మొహం మీదే. రెండ్రోజులు అలిగా, తర్వాత ఆలోచిస్తే అంతకంటే తెలివైన పని ఇంకోటి కనపడలేదు. అద్దెలో వాళ్లు వేసే వాటా మూడు నెలలకోసారి తగ్గుతూ వస్తుంది, ఏడాదికి మొత్తం మాదే.

మొదటి రాత్రి లైటు దగ్గర గొడవ. బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది, చీకట్లో నాకు కన్ను మూతపడదు, ఆవిడకేమో వెలుతురుంటే నిద్ర రాదు. చివరికి బాత్రూమ్ లైటు వేసి తలుపు బెత్తెడు తెరిచి ఉంచడం దగ్గర రాజీ కుదిరింది, ఇప్పటికీ అంతే.

వాళ్ల వాటా ఇంకో మూడు నెలలే ఉంది. లెక్కలు వేసుకుంటే భయంగానే ఉంది, ఆవిడ ఇంకో పని చూసుకుంటానంటోంది, నేను ఓవర్‌టైమ్ అడిగా. మొన్న ఆ ఓవర్‌టైమ్ వల్లే చిన్నదాన్ని స్కూల్ నుంచి తీసుకురావడానికి అరగంట లేటయింది. గేటు దగ్గర బ్యాగు నేలకేసి కొట్టి "నువ్వెప్పుడూ ఇంతే" అని అరిచింది అందరి ముందూ. వాచ్‌మన్ జాలిగా చూశాడు. నేనేమో బ్యాగు తీసుకుని దాని వెనకాలే నడుస్తున్నా, ఇంకా తిడుతూనే ఉంది.