ఫోటో ముందు వైపు ఒక్కటే స్కాన్ చేస్తే ఎట్లా?

మా కజిన్స్ వాట్సాప్ గ్రూప్‌కి ఈ మధ్య కొత్త పిచ్చి పట్టుకుంది. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి దొరికితే చాలు, ఏదో యాప్‌లో పెట్టి రంగులు వేయించి, ముడతలు తీయించి, అంచులు కత్తిరించి పోస్ట్ చేసేయడమే. మొన్న తాతయ్య ఫోటో అలాగే వచ్చింది. షేర్వానీ, రూమీ టోపీ. ముదురు ఎరుపులో ఉండాల్సిన టోపీకి యాప్ చక్కగా నల్ల రంగు పూసింది. అది చూసి ఒక తమ్ముడు "తాత ముస్లిం డ్రెస్‌లో ఎందుకున్నాడన్నా?" అని అడిగాడు. అరే, నిజాం కాలంలో సర్కారీ కొలువు చేసేవాళ్లు హిందువులైనా ముస్లింలైనా నలుగురిలోకి వెళ్లాలంటే షేర్వానీ వేసుకునేవాళ్లురా అని చెప్తే వాడు నమ్మలేదు, పెద్దత్తతో ఫోన్‌లో చెప్పించాల్సి వచ్చింది.

అసలు సంగతి ఏంటంటే, నవాబుల హైదరాబాద్‌కి ఫోటోల కొరత లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫర్‌గా రాజా దీన్‌దయాళ్ ఉన్నాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, ఆయన గాజు నెగెటివ్‌లను ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం వాళ్లు భద్రపరిచారు. ప్యాలెస్‌లు, వేటలు, విందులు అన్నీ అందులో ఉన్నాయి. మరి కాచిగూడలోనో చిక్కడపల్లిలోనో రెండు గదుల వాటాలో కాపురం చేసిన గుమాస్తా ఇంటి సంగతి? అది మన అటక మీద రేకు పెట్టెలోనే ఉంటుంది. దాన్ని మనం అందంగా చేయబోయి చెరిపేస్తున్నాం.

ఫోటోలో మనుషుల ముఖాలకంటే నేను ముందు చూసేది వెనకాల ఏముందని. ట్యాంక్‌బండ్ మీద దిగిన ఫోటో లేని ఇల్లు ఈ ఊళ్లో ఉంటుందా? కట్ట మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు కనిపిస్తే అది 1986 లోనో ఆ తర్వాతో తీసినది. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహం నిలబడి ఉంటే 1992 డిసెంబర్ తర్వాతది, ఎందుకంటే 1990లో తీసుకెళ్తుంటే పడవ ఒరిగి ఆయన నీళ్ల అడుగుకు వెళ్లిపోయి, రెండేళ్లు దాటాకే పైకి వచ్చాడు. ఇంకా పాతదైతే నౌబత్ పహాడ్ వైపు చూడండి. తెల్లటి బిర్లా మందిర్ కనిపించిందంటే 1976కి ముందుది అయ్యే అవకాశం తక్కువ. అబిడ్స్‌లో డబుల్ డెక్కర్ బస్సు వెనక సగం పడ్డ ఫోటోని "బస్సు అడ్డొచ్చింది" అని కత్తిరించేసిన మహానుభావులు మా ఇంట్లోనే ఉన్నారు.

ఇక ఫోటో వెనక వైపు. స్టూడియో ముద్ర, సుల్తాన్ బజారా జేమ్స్ స్ట్రీటా అన్నది, ఎవరో పెన్సిల్‌తో రాసిన నాలుగు పేర్లు. ఇవన్నీ అక్కడే ఉంటాయి. దాన్ని ఎవరూ స్కాన్ చేయరు.

గిన్నెలైతే ఇంకా తమాషా. మా అమ్మమ్మ వాళ్ల ఇత్తడి బిందె మీద పెళ్లికూతురు పేరు, పెట్టిన మేనమామ పేరు, కింద "శ్రీముఖ" అని కొట్టించి ఉంది. శ్రీముఖ అంటే 1933-34 కావచ్చు, అరవై ఏళ్లకు మళ్లీ వచ్చిన 1993-94 కూడా కావచ్చు. అక్షరాలు చూస్తే తేలిపోయింది: ఉలితో చుక్క చుక్కగా, కొంచెం వంకరగా కొట్టినవి, కరెంటు మెషీన్‌తో గీసినవి కావు. పైగా అమ్మమ్మ కాపురానికి వచ్చింది రజాకార్ల గొడవకు ముందే. అలాంటి బిందెలు ఎన్ని బేగం బజార్‌లో తూకానికి పోయి స్టీలు డబ్బాలై తిరిగొచ్చాయో తలుచుకుంటే కడుపు మండుతుంది. తూకం వేసేటప్పుడు పేరుకి విలువ కట్టరు కదా.

మా రేకు పెట్టెలో హాలీ సిక్కా నాణేలు, అంటే నిజాం రాజ్యం సొంత నాణేలు, కూడా ఉన్నాయి. ఒక వైపు చార్మినార్, దాని ద్వారంలో చిన్నగా ఒక ఉర్దూ అక్షరం. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణెమైతే అది "ఐన్", ఆయన పేరులో మొదటి అక్షరం. నాణెం మీద సంవత్సరం హిజ్రీలో, అంటే ముస్లిం క్యాలెండర్‌లో, ఉంటుంది. పక్కనే ఉన్న భూమి కాగితంలో తేదీ మాత్రం ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల క్యాలెండర్‌లో, దానికి సుమారు 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1357 ఫసలీ 1947-48 అన్నమాట. బిందె మీద తెలుగు సంవత్సరం, నాణెం మీద హిజ్రీ, కాగితం మీద ఫసలీ, ఫోటో వెనక ఇంగ్లీషు తేదీ. ఒకే ఇంట్లో నాలుగు క్యాలెండర్లు నడిచిన ఊరు ఇది, ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచినట్టు లేదు.

దాచే పద్ధతి గురించి పెద్ద లెక్చర్ ఇవ్వను. జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటించకండి, ల్యామినేషన్ అసలు వద్దు, వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ నొక్కు ముందు వైపు తేలుతుంది. పాత ప్రింట్ల అంచుల్లో అద్దంలా మెరిసేది ఫోటోలోని వెండే, మురికి అనుకుని తుడవొద్దు. ఎనభైల నాటి కలర్ ఫోటోలు ఎర్రబడిపోతుంటాయి, వాటిని మాత్రం ముందు స్కాన్ చేయండి, అవి ఎక్కువ కాలం ఆగవు. యాప్‌లో రంగులు వేసుకుంటే వేసుకోండి, నేను పోలీసుని కాదు, కానీ అసలు ఫోటోని రెండు వైపులా, అంచులతో సహా తీసి పెట్టుకున్నాకే.

చార్మినార్ మీద గడియారాలు పెట్టింది 1889లో. ఎవరింట్లోనైనా గడియారాలు లేని చార్మినార్ ఫోటో ఉంటే, దయచేసి దానికి రంగులు వేయకుండా నాకు ఒక్క మాట చెప్పండి. ఏ మూల ఉన్నా బండి వేసుకుని వస్తా, చాయ్ ఇస్తే చాలు.