నిమిషం నలభై దగ్గర గ్యాస్ బండ

పోయిన సంక్రాంతికి ముందు నేనో పాట చేసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేను. రాసింది నేనే, ట్యూన్ నాదే, పాడింది కూడా నేనే (గొంతు సంగతి తర్వాత చెప్తా). పెట్టిన అరగంటకి నలభై పైన రియాక్షన్లు. సూపర్ రా, కేక బావా, ఘంటసాల మళ్ళీ పుట్టేడు అని మా పెదనాన్న, ఇంక చప్పట్లు, దండాలు, గులాబీలు, ఒకాయనైతే హ్యాపీ బర్త్‌డే అని కూడా పెట్టేడు ఎందుకో మరి. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి నా పాట నేనే ఇంకోసారి విందామని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అప్పుడు తెలిసింది, నేను పంపింది ఫైనల్ ఫైలు కాదు, రఫ్ టేకు. అందులో నిమిషం నలభై సెకన్ల దగ్గర మా ఆవిడ వంటింట్లోంచి "ఏవండీ గ్యాస్ బండొచ్చింది, బుక్కెక్కడ పెట్టేరూ" అని అరవడం, నేను చరణం మధ్యలోనే "ఫ్రిజ్ మీద" అనడం, ఆ తర్వాత బండ గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళిన చప్పుడు, అన్నీ పాట కంటే క్లియర్‌గా ఉన్నాయి. నలభై మందిలో ఒక్కరంటే ఒక్కరు గ్యాస్ బండ ఊసెత్తలేదు.

అంటే ఎవరూ వినలేదన్నమాట. నిమిషం నలభై దాకా అయితే కచ్చితంగా రాలేదు. కోపం రాలేదండీ, ఎందుకంటే నేనూ అదే బాపతు, మా బావమరిది షార్ట్ ఫిల్మ్ తీసి లింకు పంపితే ఓపెన్ కూడా చెయ్యకుండా "అదిరింది" అని పెట్టినవాణ్ణి.

విజయనగరంలో పుట్టి పాట పాడితే ఇంకో చిక్కుంది. ఇది సంగీతం ఊరు అని చిన్నప్పట్నించీ చెవిలో పోసేస్తారు. మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టేరు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని నువ్వు నేర్చుకునేదేంటి, పాఠం చెప్పు అని ఉద్యోగం ఇచ్చేరని కథ (అప్పటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు). ఘంటసాల ఇక్కడే మధుకరం (ఇంటింటికీ తిరిగి అన్నం భిక్ష) ఎత్తుకుని తింటూ నేర్చుకున్నాడు, సుశీల గారు ఇక్కడే చదివేరు. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ నాలాగా సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి కీబోర్డు ముందు కూర్చునేవాడికి ఇది పెద్ద బరువు. ఈ ఊళ్ళో పాట వినిపిస్తే రెండే రకాల జవాబులు. చుట్టాలైతే సూపర్, సంగీతం వచ్చినవాళ్ళయితే "శృతి చూసుకో బాబూ" అని ఒక నవ్వు. ఎక్కడ చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నాకు మొట్టమొదట నిజం చెప్పింది మా వీధి చివర మైక్ సెట్టాయన. పెళ్ళిళ్ళకి, చవితి పందిళ్ళకి, పైడితల్లమ్మ పండక్కి బాక్సులు కట్టే మనిషి, సరిగమలు తెలీవు, కానీ చెవి మాత్రం పాము చెవి. నా పాట బాక్సులో పెట్టి విని, "గురువుగారూ పాట సంగతి నాకు తెలీదు గానీ, పల్లవి ఎత్తుకున్న చోట సౌండు చిరిగిపోయింది" అన్నాడు. నాకర్థం కాలేదు. లాప్‌టాప్ తెరిపించి ఆ చోటు పెద్దది చేసి చూపించేడు. అల అన్నాక పైన గుండ్రంగా ఉండాలి కదా, నాది కత్తితో కోసినట్టు పైనంతా చదునుగా ఉంది, వరసగా పదీ పదిహేను తలకాయలు కోసేసినట్టు. డిజిటల్లో సున్నా డీబీ (డెసిబెల్, సౌండు కొలత) దగ్గర ఇంటి కప్పులాగా ఉంటుందంట, దాని పైకి వెళ్ళింది ఏదీ రికార్డవదు, తెగిపోతుంది, తర్వాత వాల్యూం తగ్గించినా ఆ తెగింది తిరిగి రాదు. నేనేమో గట్టిగా వినిపించాలని గెయిన్ (మైకు సౌండుని ఎంత పెంచి పట్టాలో చెప్పే మీట) ఫుల్లు పెట్టి పాడేను, ఎర్రలైటు వెలుగుతుంటే మంచి పవరొచ్చిందని సంబరపడ్డాను కూడా. ఎంత గట్టిగా అరిచినా మైనస్ పది, పన్నెండు దాటకుండా పెట్టుకోండి, 24 బిట్‌లో (మెల్లటి సౌండుని కూడా శుభ్రంగా పట్టే సెట్టింగు) రికార్డు చేస్తే తక్కువుందని భయం లేదు, పెంచడం తర్వాతైనా పెంచుకోవచ్చు అన్నాడు. పైగా యూట్యూబ్ వాడు సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్న పాటని వాడే తగ్గించేస్తాడు, మరి ఎవరి కోసం అరుస్తున్నట్టు మీరు, అని కూడా అన్నాడు.

"హాల్లో పాడేరు కదా?" అన్నాడు తర్వాత. ఎలా తెలిసిందంటే, టైల్స్ గచ్చు, ఉత్తి గోడలు, మాట వెనకాల మాట గెంతుతోంది అన్నాడు. బీరువా తలుపులు బార్లా తీసి బట్టల మొహాన నిలబడి పాడమన్నాడు, వెనకాల ఒక బొంత వేలాడదీసుకోమన్నాడు. అలాగే చేసేను. ఫ్యాను ఆపీసి, ఏప్రిల్ నెల్లో, మా ఆవిడ పట్టుచీరల ముందు చెమటలు కక్కుకుంటూ విరహగీతం. ఆవిడ చూసి ఏమీ అనలేదు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. కానీ ఆ టేకు వింటే నా గొంతు నాకే కొత్తగా ఉంది, చెవి పక్కన కూర్చుని పాడుతున్నట్టు.

అప్పట్నించే మొదలయ్యింది మా ఆదివారం భేటీ. పెద్ద చెరువు దగ్గర్లో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద గది, మాలో ఒకరిదే, ఆదివారం ఖాళీ. ఆరుగురం. మైక్ సెట్టాయన, నేను, వీణ వచ్చిన రిటైర్డ్ టీచరు గారు, కీబోర్డు వాయించే ఫార్మసీ కుర్రాడు, రాప్ రాసే డిగ్రీ కుర్రాడు ఒకడు, ట్యూషన్ మాస్టారు (ఆయన పాడరు, వింటారు, బిస్కెట్లు తెస్తారు). సొంత పాటే తేవాలి, సినిమా పాటలు కవర్లు వద్దు. పాట వేసే ముందు ఏమీ చెప్పకూడదు, ముఖ్యంగా "జలుబు చేసిందండీ" అని అస్సలు చెప్పకూడదు. పాట అయ్యాక కూడా పాట చేసినవాడు నోరు మూసుకోవాలి, అందరూ చెప్పడం అయ్యేదాకా. ఇది చెప్పినంత తేలిక కాదండీ, అది కాదండీ అక్కడ నా ఉద్దేశం ఏంటంటే, అని నాలిక దురద పెడుతుంది. పాట విన్న ప్రతివాడింటికీ వెళ్ళి ఉద్దేశం చెప్పి రాలేం కదా అంటారు మాస్టారు.

ఫైలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతుందేమో అని డాక్యుమెంటుగా పంపుకుంటాం. ఒకసారి బాక్సులో, ఒకసారి ఫోన్ స్పీకర్లో వింటాం. ఫోన్లో నా బేస్ (అడుగున మోగే లోతు సౌండు) మొత్తం మాయమైపోయింది మొదటిసారి, యాభై అరవై హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నాను దాన్ని, ఆ చిన్న స్పీకర్లో అది పలకనే పలకదు. వినేవాళ్ళలో సగం మంది ఫోన్లోనే వింటారు మరి.

టీచరు గారి దెబ్బ వేరు. ఆవిడకి గొల్లపల్లిలో చేయించుకున్న బొబ్బిలి వీణ ఉంది, పనస చెక్క, ఒకే దుంగలో తొలిచింది, దాన్ని గదికి తెచ్చినప్పుడల్లా మేమందరం మెట్ల మీద అటో ఇటో పట్టుకుని పసిపిల్లని ఎక్కించినట్టు ఎక్కిస్తాం. నేను గొంతు మీద ఆటోట్యూన్ (తప్పిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేరు) వేసేను, ఎవరికి తెలుస్తుందిలే అని, కొంచెమే వేసేను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ వింటూ "ఇక్కడ ఆపండి" అంది. "బాబూ, ఇది తోడి రాగం ఛాయ కదా, నీ గాంధారం ఎందుకు మెట్లెక్కుతోంది?" నేను నోరు మూసుకోవాలి కదా రూలు ప్రకారం, మూసుకున్నాను. ఆవిడ వీణ మీద చూపించింది, తోడిలో గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది, ఉయ్యాల పిల్లలా కిందకీ మీదకీ వెళ్ళొస్తుంటేనే అది తోడి. సాఫ్ట్‌వేరుకి పన్నెండు స్వరాలే తెలుసు, ఊగేదాన్ని పట్టుకుని దగ్గర్లో ఉన్న గడిలో కూర్చోబెట్టేస్తుంది. నేను తప్పు పాడిన చోట్లు సరిచేసింది నిజమే, కరెక్టుగా పాడిన ఒకే ఒక్క గమకాన్ని, ఆ ఊపుని, చంపేసింది. తీసేసేను. ఇప్పుడు అక్కడక్కడ శృతి తప్పుతుంది, తప్పనీ.

ఇంక నేను చేసిన వెధవ పని. రాప్ కుర్రాడు మొదటిసారి తన పాట వేసేడు, బస్ పాస్ మీద, బ్యాక్‌లాగ్‌ల మీద. వాడు గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ పోయేడు. నా వంతు రాగానే "ఇది పాటా, ఆర్టీసీ కాంప్లెక్సులో అనౌన్స్‌మెంటా?" అన్నాను. అందరూ నవ్వేరు. వాడూ నవ్వేడు. తర్వాత నాలుగు ఆదివారాలు రాలేదు. ఫోన్ చేస్తే ఎగ్జామ్స్ అన్నాడు. నేను నిజం మొహమాటం లేకుండా చెప్పేనని లోపల్లోపల గర్వంగా కూడా ఉన్నాను కొన్నాళ్ళు, అది ఒప్పుకోవాలి. ఒకరోజు కోట దగ్గర టీ బండి దగ్గర దొరికేడు. సారీ రా అన్నాను. వాడు టీ ఊదుకుంటూ, "నవ్వేరు సరే అన్నా, ఏ ముక్క దగ్గర నవ్వొచ్చిందో చెప్తే అది మార్చుకుందును కదా" అన్నాడు.

ఆ రోజు నుంచి కాగితం పెట్టేం. ప్రతివాడి చేతిలో ఒక కాగితం, పాట నడుస్తుంటే సెకన్లు చూసుకుని రాయాలి. ఒకటీ పన్నెండు, ఇక్కడ మాట వినపడలేదు. రెండూ ఇరవై, ఇక్కడ నా మనసు బయట స్కూటర్ మీదకి పోయింది. బాగుంది అన్నా సరే ఎక్కడ బాగుందో నంబరు వెయ్యాలి. నలుగురి కాగితాల్లో ఒకే నంబరు పడితే ఇంక వాదన లేదు, ఒక్కడి కాగితంలోనే పడితే అది వాడి టేస్టు, ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. కుర్రాడు మళ్ళీ వచ్చేడు, అదే పాట మార్చి తెచ్చేడు. నంబర్లన్నీ ముప్పై నుంచి యాభై సెకన్ల మధ్యలో పడ్డాయి, అక్కడ లైనుకి రెండేసి ఒత్తక్షరాలు ఎక్కువ కూరేడు, తాళం మీద దిగాల్సిన అక్షరం వెనకబడుతోంది. తీసేసేడు. పాట మొదట్లో మాత్రం కాంప్లెక్సులో మైకు గంట, "దయచేసి వినండి" అని ఒక ఆడగొంతు పెట్టేడు. నా వైపు చూసి మరీ ప్లే నొక్కేడు వెధవ.

అన్నిటికన్నా పెద్ద చెవి మాత్రం మా మేనత్తది. గజపతినగరం అవతల పల్లెటూరు, వయసులో ఉడుపుల్లో (వరి నాట్లలో) ఎత్తుకునేదట పాట, వెనకాల ఇరవై మంది అందుకునేవారట. నా పాట వలస పాట. మా వైపు ఏ ఊరెళ్ళినా ఇంటికొకరు మద్రాసనో హైదరాబాదనో పనికి వెళ్ళినవాళ్ళే కదా, అలా రైలెక్కినవాడి పాట. యాసలో రాసేను. మా ఉత్తరాంధ్ర జానపద కవి వంగపండు గారి పాటలు వింటూ పెరిగినవాళ్ళం, నాలుగు "ఏటి"లు, మూడు "ఎవులు"లు పడేస్తే మన పాటైపోతుందని ఒక భ్రమ మా అందరికీ. పల్లవి ఇదీ,

రైలెల్లిపోనాదే ఓలమ్మా
నా పేనమెల్లిపోనాదే

ఆదివారం బ్యాచ్ అందరూ నాలుగు వెర్షన్లు విన్నారు, సౌండు సరిచేసేరు, స్వరం సరిచేసేరు. అత్త అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది. మొదట్లో నేను ముప్పై సెకన్లు గాల్లో తేలేలాంటి సౌండు పెట్టుకున్నాను, "ఇదేటి, నీ ఫోను మోగతందేటి ఎత్తూ" అంది. ఎత్తడానికేం లేదత్తా అదే పాట అన్నాను. రెండో చరణానికి చెయ్యి ఆగిపోయింది, తల వాలిపోయింది, నిజంగా నిద్రపోయింది. లేపేను. సిగ్గు లేకుండా ఎలాగుంది అని అడిగేను.

"ఈ పాట పాడతన్నోడు రైల్లో ఉన్నాడా, టేసన్లో ఉన్నాడా?" అంది.

రైల్లో అన్నాను.

"రైల్లో ఉన్నోడికి రైలెలాగెల్లిపోద్దిరా? ఆడికి ఊరెల్లిపోద్ది గానీ."

నేను కాసేపు అలాగే కూర్చున్నాను. ఆరుగురం, నాలుగు వెర్షన్లు, ఎర్రలైట్లు, గాంధారాలు, హెర్ట్జ్‌లు. ఎవడికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు, మూణ్ణెల్లు ఆ లైను పాడుతూ తిరిగేను బండి మీద.

ఊరెల్లిపోనాదే ఓలమ్మా అని మార్చేను. ట్యూన్ కూడా దానంతటదే కొంచెం మారింది, "రైలె" దగ్గర పైకి లాగాల్సొచ్చేది, "ఊరె" దగ్గర మొదటి అక్షరం ఊ మీదే సాగదీసి కూర్చోవచ్చు, గొంతు హాయిగా ఉంది. మొదట్లో ముప్పై సెకన్లూ పీకేసేను. బీరువా ముందు మళ్ళీ పాడేను. ఫ్యామిలీ గ్రూపులో పెట్టలేదు ఇంకా.

మొన్న శనివారం తీసుకెళ్ళి అత్తకి వినిపించేను, ఈసారి కాగితం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. పల్లవికి ఏమీ అనలేదు, రెండోసారి పల్లవి వచ్చినప్పుడు పెదాలు కదిలేయి, పాడిందో తమలపాకు నమిలిందో నాకు తెలీలేదు. నిద్రపోలేదు. కానీ రెండో చరణం మధ్యలో లేచి పెరట్లోకెళ్ళి వడియాల మీద వాలిన కాకిని తోలి వచ్చింది. పాట ఆపి టైం చూసేను. రెండూ ఐదు. రాసుకున్నాను.