నా మెడకు నేనే గుచ్చుకుంటున్న ముత్యాలు

ఫిబ్రవరి 2

పెట్టెలో రెండు ముత్యాల దండలున్నాయి. నా పెళ్లికి అమ్మ పెట్టింది పదహారు అంగుళాలది, తర్వాత నేను కొనుక్కున్నది ఇరవై నాలుగు అంగుళాలది. రెండూ మంచి ముత్యాలే. అయినా వేసుకున్న ప్రతిసారీ ఏదో తేడాగా ఉంటుంది. ఎందుకో ఈరోజు టేపు పెట్టి చూశాక తెలిసింది. నా మెడ చుట్టుకొలత పదిహేను అంగుళాలు. అమ్మ ఇచ్చిన దండలో ముత్యం 8 మిల్లీమీటర్లు. ముత్యం లావుగా ఉన్నకొద్దీ దండ లోపలి చుట్టు తగ్గుతుంది, 8 మిల్లీమీటర్లకు దాదాపు ఒక అంగుళం పోతుంది. అంటే పదహారు కాస్తా నా మెడ దగ్గర పదిహేనే అయింది. అందుకే అది మెడను పట్టేస్తోంది. రెండోది సరిగ్గా ఛాతీ ఎత్తుగా ఉన్నచోట ఆగి, నడిచినప్పుడల్లా ఒక పక్కకు జారిపోతోంది.

నాది నిండైన ఒళ్లు. షాపులో పెట్టే కొలతలు నాలాంటి ఒంటిని చూసి పెట్టినవి కావు. కాబట్టి గుచ్చడం నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. మే నెలలో పిన్ని కూతురి పెళ్లి ఉంది, అప్పటికి ఒక సెట్టు సిద్ధం కావాలి.

ఫిబ్రవరి 8

కొనేముందు కొలత తేల్చుకున్నాను. పెళ్లికి వేసుకోబోయే జాకెట్టే తొడుక్కుని, చీర కూడా కట్టుకుని, మెడలో ఒక నూలు దారం వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. దారాన్ని అంగుళం అంగుళం వదులుతూ పోతే రెండు చోట్ల బాగుందనిపించింది. పందొమ్మిది అంగుళాల దగ్గర దారం మెడ ఎముకల కింద ఆగి, జాకెట్టు అంచుకు పైన రెండు వేళ్ల ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ ముఖ్యం. దండ వెళ్లి జాకెట్టు అంచుకు తగిలితే రెండూ కలిసిపోయి మెడ ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. రెండోది ముప్ఫై ఆరు అంగుళాలు, ఛాతీ దాటి కిందికి పడేది. ముప్ఫై రెండు చాలనుకున్నాను గానీ, ఎత్తు మీదుగా దిగడానికే కొంత పొడవు ఖర్చయిపోతుంది. అదే దారం మా చెల్లి వేసుకుంటే రెండు అంగుళాలు ఇంకా కిందికి దిగింది.

ఫిబ్రవరి 15

హైదరాబాదులో ముత్యాల షాపులుండే పత్తర్‌గట్టి వెళ్లాను. చార్మినార్ దగ్గర దిగి నడిచాను. ఒకప్పుడు బస్రా ముత్యాలు పర్షియన్ గల్ఫ్ నుంచి ఇక్కడికి వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా అమ్మేవి చైనా నుంచి వచ్చే మంచినీటి ముత్యాలు. ఇక్కడ దండను లడీ అంటారు. ఏడు వరసల సత్‌లడాకు ఆ పేరు అలాగే వచ్చింది.

షాపులో పసుపు లైట్ల కింద అన్నీ అందంగానే కనిపిస్తాయి. లడీని గుమ్మం దగ్గరికి తెచ్చి, తెల్ల చేతిరుమాలు మీద ఒకసారి, నా చేతి మీద ఒకసారి పెట్టి చూశాను. నా చామనఛాయకు మరీ తెల్లటివి విడిగా ఎత్తి కనిపించాయి, మీగడ రంగువి ఒంట్లో కలిసిపోయాయి. పంటి అంచు మీద మెల్లగా రుద్దితే సన్నటి గరుకు తగిలింది. గాజుపూసలైతే నున్నగా జారతాయి.

లావుగా ఉన్నవాళ్లకు సన్న ముత్యాలే బాగుంటాయని పెద్దమ్మ ఎప్పుడూ చెబుతుంది. ఈ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. 3 మిల్లీమీటర్ల పేట ఒక్కటే వేసి చూస్తే నా మెడలో అది గీత గీసినట్టే ఉంది, ముత్యమని తెలియలేదు. 7 మిల్లీమీటర్లవి, దాదాపు గుండ్రంగా ఉన్నవి రెండు లడీలు తీసుకున్నాను. లడీకి 58 చొప్పున మొత్తం 116 ముత్యాలు.

ఫిబ్రవరి 23

మొదటి దండ నైలాన్ దారంతో ముడులు లేకుండా గుచ్చాను. కర్రలా బిగుసుకుని నిలబడింది, మెడ మీద వాలలేదు. విప్పేశాను.

మార్చి 9

పట్టుదారం, నంబర్ 2 మందం, రెండు పోగులు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి. తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, ఒకదానికొకటి రాసుకుని అరిగిపోవు. మొదటి ఆరు ముడులూ దూరంగా పడ్డాయి. తర్వాత కిటుకు దొరికింది. ముడిని వదులుగా వేసి, అందులోకి సూది దూర్చి, సూదితోనే ముడిని ముత్యం దాకా తోసుకెళ్లి, అక్కడ వేలితో నొక్కి పట్టి సూది లాగెయ్యాలి. 61 ముత్యాలకు నాలుగు గంటలు పట్టింది. లెక్క ఇలా వేసుకున్నాను: ముత్యం 7, ముడి 0.7, మొత్తం 7.7 మిల్లీమీటర్లు. పందొమ్మిది అంగుళాల నుంచి, అంటే 483 మిల్లీమీటర్ల నుంచి, హుక్కుకు 12 మిల్లీమీటర్లు తీసేసి 7.7తో భాగించాలి.

మార్చి 17

వారం వేసుకునేసరికి హుక్కు దగ్గర దారం బయటికి కనిపిస్తోంది. పట్టు సాగింది. ఇకనుంచి గుచ్చే ముందు దారానికి తాళాలగుత్తి కట్టి రాత్రంతా వేలాడదీస్తాను. మళ్లీ మొదటి నుంచి గుచ్చాను. ఈసారి రెండున్నర గంటలు. పందొమ్మిది మీద ఖచ్చితంగా వచ్చింది. సాయంత్రం అది వేసుకుని అద్దంలో చూసుకుంటే చాలా సంతోషం కలిగింది. మెడ పొడవుగా కనిపిస్తోంది, చూపు ముఖం మీదికి వస్తోంది.

మార్చి 30

మిగిలిన 55 ముత్యాల్లో 26 చేతి గొలుసుకు పోయాయి. మణికట్టు పదిహేడున్నర సెంటీమీటర్లు, వదులుకు ఒకటిన్నర, ముత్యాల లావుకు ఇంకో రెండు కలపాలి. ఈ చివరి లెక్క మరిచిపోతే గొలుసు చేతికి పట్టేస్తుంది.

కమ్మలకు మూడేసి ముత్యాలు వేలాడదీశాను. నా బుగ్గలు గుండ్రం కాబట్టి, దవడ దగ్గర ఆగే కమ్మ ముఖాన్ని ఇంకా వెడల్పుగా చూపిస్తుంది. దవడకు కాస్త కిందికి దిగేలా చేశాను. మరీ పొడవైతే భుజానికి తగులుతుంది, నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఆపాను.

ఏప్రిల్ 20

ముప్ఫై ఆరు అంగుళాల దానికి ఇంకో రెండు లడీలు కొన్నాను. బాగా వచ్చింది గానీ, ఇది కూడా పక్కకు జారుతోంది. రెండు వైపుల పేటలనూ మెడ ఎముకలకు నాలుగు వేళ్ల కింద ఒక చిన్న రింగులో కలిపితే ఆగింది. పైన చిన్న కోణంలా, కింద నిలువు గీతలా పడుతోంది. సాదా నల్ల జార్జెట్ మీద, బోట్ నెక్ కుర్తా మీద చాలా బాగుంది. చీర మీద పైట కింద సగం దాగిపోతుంది కాబట్టి పెళ్లికి పందొమ్మిదే.

మే 18

పెళ్లి అయింది. ఉక్కపోతలో ఆరు గంటలు వేసుకున్నా మెడను పట్టలేదు, జారలేదు. సెంటు ముందే కొట్టుకుని, ఆరాక దండ వేసుకున్నాను. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి పడుకోబెట్టాను. వేలాడదీస్తే దారం సాగుతుంది.

పిన్ని తనకూ మూడు పేటలది కావాలంది. పేటకూ పేటకూ ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల తేడా ఉండాలి, లేకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. వెనక హుక్కు బదులు, పొడవు తగ్గించి పెంచి జరుపుకునే డోరీ (తాడు) పెడుతున్నాను. ఆమె మెడ కొలత, జాకెట్టు మెడ లోతు రాసుకున్నాను. దారం ఇప్పటికే తాళాలగుత్తికి వేలాడుతోంది.