చందనమా, నెమలికంఠమా

ఒంగోలులో మా ఇంటి హాలుకు రంగు ఎంచుకొనే సమయానికి చివరకు రెండే మిగిలాయి. లేత చందనం మా అత్తగారి మాట, ముదురు నెమలికంఠం నా పట్టుదల. షేడ్ కార్డులో రెండూ అందంగానే ఉన్నాయి గానీ, ఆ చిన్న ముక్క కింద మా నేల లేదు, పక్కన మా కిటికీ లేదు. మేము పరిపించినది చీమకుర్తి నల్ల గ్రానైటు. బంగారు చుక్కలతో మెరిసే ఆ రాయి ఎంత ముచ్చటగా ఉంటుందో అంతగా వెలుతురును మింగుతుంది. పైగా హాలుకు ఉన్న పెద్ద కిటికీ ఒక్కటే, అదీ పడమటి వైపున.

తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని రంగు తిప్పి పంపుతుందో 0 నుంచి 100 వరకు లెక్కించే కొలతను ఎల్‌ఆర్‌వీ అంటారు. చందనానికి అది ఎక్కువ, నెమలికంఠానికి బాగా తక్కువ. నల్ల నేల మీద నాలుగు గోడలూ ముదురు రంగయితే పగలే పొద్దు గుంకినట్టుంటుందన్న అత్తగారి మాటను ఈ లెక్క బలపరిచింది.

అయితే నమూనాను లప్పం పెట్టిన తెల్ల గోడ మీదే వేసి చూస్తే ముదురు రంగు ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపును మరొకటి మారుస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరించాడు. అందుకే పెద్ద అట్టల మీద రెండేసి కోట్లు వేయించి, ఆరాక వాటిని గోడ గోడకూ ఆనించి, ఉదయమూ సాయంత్రమూ దీపాల వెలుగులోనూ చూశాము. పసుపు వెలుగిచ్చే బల్బు కింద చందనం నిండుగా ఉండగా నెమలికంఠం ఆకుపచ్చ వైపు మళ్లింది. తెల్లని బల్బు కింద నెమలికంఠంలో నీలం తేరుకొంది, చందనం వెలవెలబోయింది.

కిటికీ ఉన్న గోడకు ముదురు రంగు వేస్తే, బయటి ఎండకూ గోడకూ తేడా పెరిగి కళ్లు చెదురుతాయి. అందువల్ల నెమలికంఠాన్ని దానికెదురుగా, సాయంత్రపు వెలుగు నేరుగా పడే గోడకే పరిమితం చేసి, తక్కిన మూడింటికీ చందనం వేయించాము. ముదురు రంగు నిగనిగలాడితే లప్పంలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి కనుక ఆ గోడకు మాట్ ఫినిష్ తీసుకున్నాము. మాట్ మీద రాపిడి గీతలు త్వరగా తేలతాయి. అందుకే సోఫాను గోడకు ఆనించకుండా కాస్త ముందుకు జరిపించాను.