ఇల్లు మారాక రాలిన జుట్టు

బూజు పట్టిన ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా జుట్టు పెద్దగా రాలలేదు. ఆ ఇల్లు వదిలేసి, గాలీ వెలుతురూ బాగా వచ్చే ఇంట్లోకి మారి, దగ్గు తగ్గి, రాత్రిళ్లు కంటినిండా నిద్ర పడుతున్న రోజుల్లో రాలడం మొదలైంది. తలస్నానం చేస్తే నీళ్లు పోయే జాలీ మూసుకుపోయేది. దువ్వెనకు, దిండుకు, భుజాల మీద, చీపురు పుల్లల మధ్య ఎక్కడ చూసినా నా వెంట్రుకలే. ఒళ్లు బాగవుతున్న సమయంలో ఇదేమిటని నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఇంట్లో మేము రెండేళ్ల మూడు నెలలు ఉన్నాం. పడకగదికీ బాత్రూముకీ మధ్య ఒకటే గోడ. దానికి ఆనించి బీరువా, బీరువా పక్కనే మా మంచం. గోడ వైపు పడుకునేది నేను. మొదటి ఏడాది ఏమీ తెలియలేదు. రెండో వానాకాలంలో బీరువా పక్కన పెయింటు ఉబ్బి పెచ్చులు రాలడం మొదలైంది. ఓనరుకు చెబితే, "వానలకు చెమ్మ వస్తుందమ్మా, ఎండలు కాస్తే అదే పోతుంది" అన్నాడు. పోలేదు. మళ్లీ చెబితే మనిషిని పంపి, పెచ్చులు గీకించి, పైన పెయింటు వేయించాడు. ఆరు వారాలు తిరక్కుండానే ఆ కొత్త పెయింటు మీదికి నల్లటి చుక్కలు తేలాయి. తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా పైన ఎన్ని పూతలు పూసినా ఇంతేనని అప్పుడు నాకు తెలియదు.

నా దగ్గు కూడా ఆ వానాకాలంలోనే మొదలైంది. పగలంతా బాగానే ఉండేదాన్ని. రాత్రి రెండు, మూడు గంటల మధ్య దగ్గుతో మెలకువ వచ్చేది. లేచి కూర్చుంటే ఛాతీలో పిల్లికూతలు. పొద్దున లేవగానే ముక్కుదిబ్బడ, కళ్లు దురద, ఒళ్లంతా నీరసం. సీజన్ మారిందని ఒకసారి, దుమ్ము పడలేదని ఒకసారి సరిపెట్టుకున్నాను. రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మా ఆయన అదే గదిలో, అదే మంచం మీద పడుకుంటాడు, ఆయనకు తుమ్ము కూడా రాలేదు. "ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా, నీకే ఎందుకు?" అని ఆయన మామూలుగానే అడిగాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను చాలా నొప్పించింది. నాకు నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానేమో అనిపించేది. ఎలర్జీ ఉన్న శరీరం స్పందించినట్టు లేని శరీరం స్పందించదని తరవాత డాక్టరు చెప్పినప్పుడు, మా ఆయన అక్కడే నా చెయ్యి పట్టుకున్నాడు.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక రాత్రి చలి, 103 డిగ్రీల జ్వరం. ఎక్స్‌రేలో న్యుమోనియా అని తేలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. గోడకు తేమ ఎక్కినా మనం నెమ్ము అనే అంటాం, మనిషికి ఊపిరితిత్తుల్లో పట్టినా నెమ్ము అనే అంటాం. నాకు రెండూ ఒకే గదిలో వచ్చాయి. అయితే న్యుమోనియా బూజు వల్లే వచ్చిందని డాక్టరు అనలేదు. మందు లేకుండా వదిలేసిన ఆస్తమాతో ఊపిరితిత్తులు అప్పటికే అలసి ఉన్నాయని మాత్రం అన్నారు.

డిశ్చార్జి అయ్యాక రెండు వారాలు అమ్మ దగ్గర ఉన్నాను. రెండో రాత్రి నుంచే దగ్గు లేదు. మందుల వల్ల తగ్గిందనుకున్నాం. తిరిగి మా ఇంటికి వచ్చి తలుపు తీయగానే గుప్పున వాసన కొట్టింది, తడిసి ముద్దయిన పాత పుస్తకాల కట్ట విప్పినట్టు. రోజూ అదే గాలిలో ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. రెండు వారాలు దూరంగా ఉండి వచ్చాను కాబట్టే నాకు తెలిసింది. ఆ రాత్రి రెండున్నరకు మళ్లీ పిల్లికూతలతో లేచాను.

తరవాతి వారం ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో లేనప్పుడు ఎలా ఉంటుందమ్మా?" అన్నిసార్లు, అంతమందికి చూపించుకున్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఇన్హేలర్ ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. రెండోసారి ఊదిన గాలి బాగా పెరిగింది. ఆస్తమా అని తేల్చారు. ఎలర్జీ మాత్రలు కొన్ని రోజులు ఆపించి, ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చే పరీక్ష కూడా చేశారు. ఆల్టర్నేరియా, ఆస్పర్జిల్లస్ అనే రెండు బూజుల దగ్గర దద్దురు లేచింది. 3 మిల్లీమీటర్లు దాటితే ఎలర్జీ ఉన్నట్టు లెక్క. నాకు 7 వచ్చింది.

ఇంటికొచ్చి ఇద్దరం బీరువా జరిపాం. నేల నుంచి నడుము ఎత్తు వరకు గోడంతా నలుపు, అక్కడక్కడ పచ్చటి నూగు. బీరువా వెనక ప్లైవుడ్ చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. నేను ఆత్రం పట్టలేక మాస్కు కూడా లేకుండా బ్లీచింగ్ నీళ్లతో తుడవడం మొదలుపెట్టాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. గంట తిరిగేసరికి ఛాతీ బిగుసుకుపోయి నెబ్యులైజర్ పెట్టించుకోవాల్సి వచ్చింది. బూజు చిన్న మేరకే ఉంటే, అంటే అటు మూడడుగులు ఇటు మూడడుగులు దాటకుండా ఉంటే, ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని సబ్బునీళ్లతో రుద్ది, బాగా ఆరనిచ్చి మనమే శుభ్రం చేసుకోవచ్చు. అంతకు మించితే పని తెలిసినవాళ్లకు వదిలేయాలి. ఎలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లు చిన్నదాని జోలికి కూడా పోకూడదు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి చంపితే చాలదు, తీసేయాలి. అన్నిటికంటే ముందు నీళ్లు ఆగాలి. మా గోడలో బాత్రూము పైపు జాయింటు ఎన్నాళ్లుగా కారుతోందో ఎవరికీ తెలియదు. తడిసినది ఏదైనా ఒకటి, రెండు రోజుల్లోపు ఆరిపోతే బూజుకు అవకాశం ఉండదు. మా గోడ నెలల తరబడి తడిగానే ఉంది.

నెల తిరక్కుండా ఇల్లు మారాం. స్టీలు, గాజు, ప్లాస్టిక్ సామాన్లు కడిగి ఆరబెట్టి తెచ్చుకున్నాం. బట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేశాం. పరుపు, దిండ్లు, ప్లైవుడ్ బీరువా వదిలేశాం. వాటికి బాధ పడలేదు. బీరువా కింది అరలో నాన్న చేత్తో రాసుకున్న నోట్‌బుక్ ఒకటి ఉంది. ఆయన పోయాక నా దగ్గర మిగిలిన ఆయన అక్షరాలు అవే. పేజీల అంచులన్నీ బూడిదరంగు నూగు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మాస్కు వేసుకుని డాబా మీద కూర్చుని, ఒక్కో పేజీ విడదీసి ఫోనుతో ఫొటో తీశాను. నూట పన్నెండు పేజీలు. కొన్నిచోట్ల సిరా పాకిపోయి మాటలు అందలేదు. అన్నీ తీశాక దాన్ని కవర్లో పెట్టి మూతి కట్టేశాను. పారేయడానికి నాకు చేతులు రాకపోతే మా ఆయనే తీసుకెళ్లాడు.

కొత్త ఇంట్లో ఏడో వారం అనుకుంటా, జడ వేసుకుంటుంటే చేతిలోకి కుచ్చుగా వచ్చింది. తరవాతి వారానికి పాపిడి వెడల్పయింది. నుదుటి పక్కన మాడు కనబడుతోంది. బూజు విషం ఒంట్లో మిగిలిపోయి ఇప్పుడు బయటపడుతోందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఈ ఇంట్లో కూడా ఎక్కడో ఉందేమోనని అర్ధరాత్రి టార్చి పట్టుకుని కబోర్డుల వెనక వెతికాను. విషాన్ని కడిగేసే కోర్సులు చేస్తామన్నవాళ్లకు ఫోను చేశాను. మూత్రంలో బూజు విషాలు చూసే పరీక్షకు డబ్బు కట్టబోయాను. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు ఎక్కువ డోసులో నా అంతట నేనే మొదలుపెట్టాను. అమ్మ మాత్రం ఫోనులో ఒకటే మాట: "జుట్టుదేముందే, రేపు వస్తుంది. నువ్వు సరిగ్గా ఊపిరి పీల్చుకుంటున్నావా, అది చెప్పు." ఆ మాటకు ఆ రోజు కోపం వచ్చింది. అద్దంలో చూసుకునేది నేను కదా.

చర్మవ్యాధుల డాక్టరమ్మ నా తలలో వేర్వేరు చోట్ల యాభై, అరవై వెంట్రుకలు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగింది. ప్రతిసారీ పదికి తక్కువ కాకుండా వచ్చాయి. వాటి చివర తెల్లటి చిన్న గుండు చూపించింది. తెగినవి కావని, కాలం తీరి రాలినవని చెప్పింది. తరవాత క్యాలెండరు నా ముందుకు తోసి, "మూడు నెలల కింద ఏం జరిగింది?" అని అడిగింది. నేను వెనక్కి లెక్కపెట్టాను. వేలు సరిగ్గా జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న వారం మీద ఆగింది.

దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారట. మామూలుగా తలలో నూటికి ఎనభై అయిదు, తొంభై వెంట్రుకలు పెరుగుతూ ఉంటాయి, మిగిలినవి విశ్రాంతిలో ఉంటాయి. పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఇనుము తగ్గిపోవడం లాంటివి వస్తే పెరిగే వెంట్రుకల్లో కొంత భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతుంది. అయితే ఆ వెంట్రుకలు వెంటనే రాలవు, రెండు మూడు నెలలు కుదుళ్లలోనే ఉంటాయి. కింద కొత్త వెంట్రుక లేస్తున్నప్పుడు పాతది ఊడిపోతుంది. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. నాకు తలస్నానం రోజున మూడు వందలు దాటాయి. నేను కొత్త ఇంట్లో పోగొట్టుకుంటున్నది పాత ఇంట్లోనే పోయిన జుట్టు.

బూజే నేరుగా జుట్టు రాల్చిందా అని అడిగాను. అలా రుజువు కాలేదని ఆమె స్పష్టంగా చెప్పింది. తేమ, బూజు ఉన్న ఇళ్లకూ దగ్గు, ఆస్తమా, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకూ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. నా విషయంలో ఆస్తమా, నెలల తరబడి నిద్ర లేకపోవడం, ఆ పైన జ్వరం కలిసి ఒంటిని దెబ్బతీశాయి, ఆ దెబ్బ జుట్టులో కనబడింది. మూత్ర పరీక్ష, విషం కడిగే కోర్సు రెండూ వద్దంది. బయోటిన్ ఆపేయమంది. అది ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ లాంటి రక్తపరీక్షలు తప్పుగా వస్తాయట. ఆపి, కొన్ని రోజులయ్యాక రక్తం ఇచ్చాను. థైరాయిడ్ బాగానే ఉంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మాత్రం మిల్లీలీటరుకు 11 నానోగ్రాములే ఉంది. బూజు మీద పెట్టిన దృష్టిలో ఈ సంగతి నాకు తట్టనే లేదు. ఇల్లొక్కటే కారణమనుకుని ఆగిపోయి ఉంటే అది అలాగే ఉండిపోయేది.

ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమంది, కాల్షియం మాత్రతో కలపొద్దంది. జుట్టుకు వేరే మందేమీ రాయలేదు. ఏమీ రాయకపోతే ఎలా అని నేను రెండుసార్లు అడిగాను. ఓపిక పట్టమంది. ఆ ఓపికే కష్టమైంది. ఇంకో మూడు నెలలు రాలుతూనే ఉంది. జడ చిటికెనవేలంత అయ్యాక మెడ దాకా కత్తిరించేసుకున్నాను, ఆ రాత్రి బాగా ఏడ్చాను.

మధ్యలో ఒక పొరపాటు చేశాను. దగ్గు లేదు కదా అని, ఎవరికీ చెప్పకుండా ఇన్హేలర్ మానేశాను. మూడో వారానికి మళ్లీ పిల్లికూతలు. బూజు నుంచి బయటికి వచ్చినా ఆస్తమా నా వెంటే వచ్చిందని అప్పుడు ఒప్పుకున్నాను. ఇప్పుడు పొద్దున, రాత్రి తీసుకుంటున్నాను, తీసుకున్న ప్రతిసారీ నోరు పుక్కిలిస్తాను. డోసు మాత్రం డాక్టరు సగానికి తగ్గించారు. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకున్నాం. ఖాళీ చేసే ముందు పాత గదిలో పెట్టి చూస్తే 81 శాతం చూపించింది. ఇక్కడ 50కి అటూ ఇటూ ఉంటుంది. 60 దాటితే కిటికీలు తీస్తాను, బయట వాన ఉంటే మూసేసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తాను. బీరువాకూ గోడకూ మధ్య జానెడు ఖాళీ వదిలాం. వారానికోసారి అక్కడ టార్చి వేసి చూస్తాను. మా ఆయన ఇప్పుడు నన్నేమీ అడగడు, టార్చి తనే తెచ్చిస్తాడు.

పాత ఇంట్లోకి పసిబిడ్డతో ఎవరో వస్తున్నారని తెలిసి ఓనరుకు ఫోను చేశాను. నా ఎలర్జీ రిపోర్టు, గోడ ఫొటోలు పంపాను. మొదట విసుక్కున్నాడు. నాలుగు రోజుల తరవాత గోడ పగలగొట్టి పైపు మారుస్తున్న ఫొటో ఆయనే పంపాడు. ప్లాస్టరింగ్ పూర్తిగా ఆరాకే పెయింటు వేయించమని చెప్పాను, సరేనన్నాడు.

ఆరో నెలలో నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిటారుగా లేచి కనిపించాయి. చిక్కుపడి తెగిన జుట్టేమో అనుకున్నాను. వెలుతురులో చూస్తే కొసలు సన్నగా, సూదిమొనలా ఉన్నాయి. తెగినవాటి కొసలు అలా ఉండవు, అవి కొత్తవి. ఫెరిటిన్ అప్పటికి 46కి వచ్చింది. ఇల్లు మారి ఇప్పటికి పదహారు నెలలు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నిన్న తల ఆరబెట్టుకుంటూ, పాపిడి పక్కన ఉన్న కొత్త వెంట్రుక ఒకటి సాగదీసి స్కేలు పెట్టి చూశాను. పద్నాలుగు సెంటీమీటర్లు ఉంది. అమ్మకు ఫోను చేసి చెప్పాను. "ఊపిరి బాగా ఆడుతోందా?" అంది. ఆడుతోందమ్మా అన్నాను.