పంతొమ్మిదో రోజున క్రీము నీళ్లయింది

క్రీము ఎన్నాళ్లు నిలుస్తుందో చూడటానికి పెట్టిన 45 డిగ్రీల ఓవెన్ తెరిచి సీసా వంచితే క్రీము మజ్జిగలా జారింది. చేసిన మర్నాడు వెన్నముద్దలా నిలబడిన క్రీమే అది. అప్పుడు చిక్కదనం కొలిచే విస్కామీటర్‌లో 42 వేల సెంటీపాయిజ్ చూపించింది, ఇప్పుడు 9 వేలు. నూనె విడిపోలేదు, అదొక్కటే ఊరట.

జీడిమెట్లలో ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నప్పటి సంగతి. పొడిచర్మానికి లామెల్లార్ క్రీము చేయమన్నారు. మన చర్మం పైపొరలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆమ్లాలు పొరలుపొరలుగా పేరుకుని ఒంట్లోని తడిని ఆపుతాయి. క్రీములోనూ అలాంటి పొరలే కట్టించాలి. నూనెను, నీటిని కలిపి ఉంచే ఎమల్సిఫయర్, మైనంలాంటి సీటోస్టియరిల్ ఆల్కహాల్ కలిపి 75 డిగ్రీల దగ్గర కరిగించి, అంతే వేడి ఉన్న నీళ్లతో చిలికి, నెమ్మదిగా చల్లార్చాలి. అప్పుడు అవి జంట వరుసలుగా సర్దుకుని మధ్యలో నీటిని పట్టుకుంటాయి. ఇలాంటి పొరల అమరికను ద్రవస్ఫటికం అంటారు. కొత్తగా చేరినవాళ్లకు పూతరేకులతో చెప్పేదాన్ని: రేకు ఎమల్సిఫయర్, మధ్యలోని చక్కెర పొడే నీళ్లు. క్రీము చిక్కదనమంతా ఆ నీళ్లు కదలకుండా ఉండటంలోనే ఉంది.

తప్పు చల్లార్చడంలో జరిగిందనుకుని మళ్లీ రెండు బ్యాచ్‌లు చేశాను. తర్వాత ఎమల్సిఫయర్ పెంచాను. కాస్త ఆలస్యంగా అదే కథ. వారాలకు వారాలు పోయాయి, పైనుంచి ఫోన్లు, టెన్షన్.

పొరలు ఉన్నాయో లేవో తేల్చాలంటే కాంతిని ఒకే దిశలో కంపించేలా వడకట్టి చూపే పోలరైజ్డ్ మైక్రోస్కోపు కావాలి. మా దగ్గరున్నది మామూలుది. పాడైపోయిన ఎల్‌సీడీ తెర నుంచి పీకిన, అలాగే వడకట్టే ఫిల్ము రెండు ముక్కలు తీసుకుని, ఒకటి లైటు మీద, ఇంకొకటి ఐపీస్ దగ్గర అడ్డంగా తిప్పి పెట్టాను. (ద్రవస్ఫటికాల తెర చించి క్రీములో ద్రవస్ఫటికాలు వెతకడం!) అలా చూస్తే మామూలు ద్రవం నల్లగానే ఉంటుంది. పొరలు చుట్టుకున్న బొట్టు మాత్రం నాలుగు వెలుగు రేకులుగా, మధ్యలో నల్ల శిలువతో కనిపిస్తుంది. మాల్టీస్ క్రాస్ అంటారు. గదిలో దాచిన శాంపిల్ నిండా అవే. ఓవెన్ శాంపిల్‌లో అక్కడొకటి, ఇక్కడొకటి.

స్లైడు చూసి మా సార్ ఒకే మాట అడిగారు: "ఆ మంజిష్ఠ ఎక్స్‌ట్రాక్ట్ దేంట్లో తీశారో చూశావా అమ్మా?"

చూడలేదు. మార్కెటింగ్ వాళ్లు అడిగారని 2 శాతం నుంచి 10 శాతానికి పెంచాను. అందులో మంజిష్ఠ కొంచెమే, మిగతాదంతా దాదాపు ప్రొపిలీన్ గ్లైకాలే. నా షీటులో దాన్ని మూలిక కింద రాసుకున్నాను, ద్రావకం కింద కాదు.

ఎమల్సిఫయర్ అణువులకుండే నూనె తోకలంటే నీటికి గిట్టదు కాబట్టే ఆ అణువులు వరుస కడతాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ ఆ గిట్టనితనాన్ని తగ్గిస్తుంది, వరుస సడలుతుంది. గ్లిజరిన్ చుట్టమే అయినా దానికి నీటి పక్షం ఎక్కువ, పొరల జోలికి పెద్దగా పోదు. ప్రిజర్వేటివ్‌గా వేసిన ఫినాక్సీఇథనాల్ గుణం వేరు. నీటిలో కొద్దిగానే కరుగుతుంది కనుక కొంత నేరుగా పొరల్లోకే దూరుతుంది. ఒక శాతం పరిమితి లోపే వేశాను, అయినా దూరింది.

నాలుగు బీకర్లు పెట్టాను. రెండూ లేనిది గట్టిగా ఉంది. గ్లైకాల్ ఒక్కటే ఉన్నది కొంచెం మెత్తబడింది, ఫినాక్సీఇథనాల్ ఒక్కటే ఉన్నది కూడా అంతే. రెండూ కలిసినదే జారిపోయింది. విడివిడిగా ఎన్ని పరీక్షలు చేసినా ఇది దొరికేది కాదు.

గ్లిజరిన్‌లో తీసిన ఎక్స్‌ట్రాక్ట్ తెప్పించాం. జిడ్డుగా అంటకుండా విడిగా వేసే గ్లిజరిన్ తగ్గించాను. ఫినాక్సీఇథనాల్ కూడా తగ్గించాను, దానికి సూక్ష్మజీవుల పరీక్ష మొదటి నుంచి చేయించాల్సి వచ్చింది, ఇంకో 28 రోజులు. పన్నెండో వారంలో ఓవెన్ సీసా వంచితే క్రీము కదల్లేదు. 36 వేలు.

కొత్త ఎక్స్‌ట్రాక్ట్‌తో ఎరుపు తగ్గింది. "రంగేది మేడమ్?" అంటూ మార్కెటింగ్ అబ్బాయి ల్యాబ్‌కే వచ్చాడు. ఏం చెప్పాలో తోచక మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసి, "ముగ్గులా ఉంది మేడమ్, డబ్బా మీద ఇది వేద్దామా?" అన్నాడు.