బ్రయంట్ అండ్ మే కార్ఖానా ఆడపిల్లలు

మదనపల్లెలో అనీ బిసెంట్ పేరు మీద కళాశాల ఉన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. అయితే ఆమె భారతదేశానికి రాకముందు, 1888లో, లండన్‌లోని అగ్గిపెట్టెల కార్ఖానా ఆడపిల్లల కష్టాల గురించి పత్రికలో రాసి కలకలం రేపిన విషయం అంతగా ప్రచారంలో లేదు. ఆ చరిత్ర చదివినప్పుడల్లా నా మనసు ఆమె కంటే ఆ పిల్లల వైపే పోతుంది.

తూర్పు లండన్‌లోని బో ప్రాంతంలో ఉన్న ఆ కార్ఖానాలో అగ్గిపుల్లల మందులో తెల్ల భాస్వరం కలిపేవారు. పని చేసే చోటే, భాస్వరం అంటిన చేతులతోనే వాళ్లు రొట్టె తినేవారు. భాస్వరం ఆవిరి పుచ్చిపన్ను గుండా దవడ ఎముకకు చేరేది. మొదట పంటి పోటు వచ్చేది, తరువాత చిగుళ్లు వాచేవి, ఆపైన చీము పట్టి, పక్కన కూర్చోలేనంత దుర్వాసన వేసేది. చివరికి ఎముక చచ్చి ముక్కలుగా ఊడివచ్చేది. దవడను కోసి తీసివేయడం తప్ప వైద్యులు చేయగలిగింది పెద్దగా లేదు.

ఇంతటి పనికి ఒక పదహారేళ్ల పిల్లకు వారానికి దక్కింది 4 షిల్లింగులు, అంటే 48 పెన్నీలు. కాళ్లు మురికిగా ఉన్నాయని 3 పెన్నీల జరిమానా వేస్తే, వారం కూలిలో పదహారో వంతు పోయినట్లే.

బిసెంట్ వ్యాసం వెలువడ్డాక, తమకు ఏ లోటూ లేదని రాసిన కాగితం మీద సంతకాలు చేయమని యాజమాన్యం ఒత్తిడి తెచ్చింది. పిల్లలు ఒప్పుకోలేదు. ఒకరిని పనిలోంచి తీసేయగానే సుమారు 1400 మంది బయటికి వచ్చేశారు. బిసెంట్ కోరింది ఆ అగ్గిపెట్టెలను కొనవద్దని. సమ్మె మాత్రం ఆ పిల్లల సొంత నిర్ణయం, ఆ ఘనత వాళ్లకే చెందాలని నేను గట్టిగా నమ్ముతాను. రెండు వారాలు తిరక్కముందే జరిమానాలు రద్దయ్యాయి, భోజనానికి వేరే గది ఇస్తామన్న హామీ వచ్చింది.

భాస్వరం మాత్రం పోలేదు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే: హాని లేని ఎర్ర భాస్వరంతో అగ్గిపుల్లలు చేసే హక్కును 1855లోనే కొనుక్కున్న కంపెనీ, తెల్లది చవక కనుకనూ, దానితో చేసిన, ఎక్కడ గీసినా వెలిగే పుల్లలకే గిరాకీ కనుకనూ ఆ తెల్ల భాస్వరాన్ని వదులుకోలేదు. దవడ జబ్బు కేసులను అధికారులకు తెలియజేయకుండా దాచినందుకు 1898లో దానికి పడిన జరిమానా 25 పౌండ్ల 9 షిల్లింగులు. తెల్ల భాస్వరం వాడకాన్ని ఆ కంపెనీ 1901లో మానుకుంది. దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 1908లో చేసిన చట్టం 1910లో గాని అమలులోకి రాలేదు.